నెట్ దర్వాజా దగ్గర రిజిస్టర్ ఎవరు చూస్తున్నారు?

షాదీ ముబారక్ దరఖాస్తుకు పెళ్లికూతురి ఆధార్, తల్లి బ్యాంకు పాస్‌బుక్, ఆదాయ సర్టిఫికెట్. ఉమ్రాకు ఇంటిల్లిపాది పాస్‌పోర్టు కాపీలు. 2025 జూన్‌లో ఉమీద్ పోర్టల్ వచ్చాక వక్ఫ్ ఆస్తుల నమోదుకు మసీదు, దర్గా, ఖబ్రస్తాన్ కాగితాలు. జనగామలో గానీ, మహబూబాబాద్‌లో గానీ, భూపాలపల్లిలో గానీ మన కుటుంబాల కాగితాల్లో సగం ఏదో ఒక చిన్న ఆన్‌లైన్ సెంటర్ కంప్యూటర్లో స్కాన్ అయినవే. పని అయ్యాక ఒరిజినల్ మన సంచిలోకి వస్తుంది. స్కాన్ కాపీ చాలాసార్లు అక్కడే ఉండిపోతుంది.

ఇప్పుడు ఆ సెంటర్ల మీద, ట్రావెల్ ఆఫీసుల మీద, స్కూళ్లు, క్లినిక్‌ల మీద కొత్త బాధ్యత వచ్చి పడుతోంది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి కేంద్రం 2025 నవంబర్‌లో నిబంధనలు ప్రకటించింది. అందులో అసలు పని చెప్పే నిబంధనలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి. డేటా పెట్టుకున్నవాళ్లు దాన్ని ఎవరు ముట్టుకున్నారో తెలిసేలా లాగ్‌లు ఉంచాలి, గమనిస్తూ ఉండాలి, ఆ లాగ్‌లను ఏడాది పాటు భద్రపరచాలి. భద్రత పట్టించుకోకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. చిన్న దుకాణానికి అంత వేస్తారని కాదు, తప్పు తీవ్రతను బట్టే వేస్తారు. కానీ "నాకు తెల్వదు, కంప్యూటర్ పోరగాడు చూస్తడు" అనే మాట ఇకమీద చెల్లదు.

మరి గమనించడం అంటే ఏమిటి? కంప్యూటర్లో యాంటీవైరస్ వేయడం ఒక్కటే కాదు. లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి ఈ క్షణంలో ఏయే కనెక్షన్లు నడుస్తున్నాయో చూడడం. దానికి సాధనాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. చాలావరకు ఉచితం. మన దగ్గర వాటిని తెరిచి చూసేవాళ్లే తక్కువ.

గేటు దగ్గర చౌకీదార్ రాసే పుస్తకం

పెద్ద ఆఫీసుకు పోతే గేటు దగ్గర చౌకీదార్ ఒక రిజిస్టర్ పెట్టుకుని ఉంటాడు. ఎవరు వచ్చారు, ఎవరి కోసం, ఎన్ని గంటలకు. లోపల ఏం మాట్లాడుకున్నారో ఆయనకు తెలియదు. లినక్స్ ఫైర్‌వాల్ చేసేదీ అదే పని.

లినక్స్ అనేది ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్. ఇంట్లో, దుకాణంలో గోడకు తగిలించి ఉండే వైఫై రౌటర్లలో ఎక్కువ శాతం లోపల నడిచేది లినక్సే. అందులో నెట్‌ఫిల్టర్ అనే భాగం ఉంటుంది. 2001లో వచ్చిన లినక్స్ 2.4తో ఐపీటేబుల్స్ అనే ఫైర్‌వాల్ పనిముట్టు అందుబాటులోకి వచ్చింది. 2014 నుంచి దాని స్థానంలోకి ఎన్ఎఫ్‌టేబుల్స్ వస్తోంది. ఈ నెట్‌ఫిల్టర్ తన గుండా పోయే ప్రతి కనెక్షన్‌కు ఒక పట్టికలో ఒక వరుస రాసుకుంటుంది. అది రాసుకోకపోతే దుకాణంలోని పది కంప్యూటర్లు ఒకే ఇంటర్నెట్ అడ్రస్ వాడుకోలేవు. బయటి నుంచి వచ్చిన జవాబు ఏ కంప్యూటర్‌కు ఇవ్వాలో తెలియాలి కదా.

ఆ వరుసలో ఉండేవి ఇవి: లోపలి యంత్రం అడ్రస్, బయటి యంత్రం అడ్రస్, రెండు వైపులా పోర్ట్ నంబర్లు, కనెక్షన్ ఏ స్థితిలో ఉంది, ఇంకా ఎన్ని సెకన్లు పట్టికలో ఉంటుంది. పోర్ట్ అంటే ఒకే బిల్డింగ్‌లో గది నంబర్ లాంటిది. మామూలు వెబ్‌సైట్ 443, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే రిమోట్ డెస్క్‌టాప్ 3389, పాత టెల్‌నెట్ 23.

ఈ పట్టికను చదివే పనిముట్లు రెండు మూడు తెలిస్తే చాలు. కాన్‌ట్రాక్ అనేది పట్టిక మొత్తాన్ని చూపిస్తుంది. కొత్త కనెక్షన్ పుట్టినప్పుడు, పోయినప్పుడు వెంటవెంటనే చెప్తుంది. అవసరమైతే ఒక వరుసను తీసేస్తుంది కూడా. ఐపీటీస్టేట్ అదే పట్టికను తెరమీద రిఫ్రెష్ చేస్తూ చూపిస్తుంది. ఏ కనెక్షన్ ఎంత డేటా లాగుతోందో ఇఫ్‌టాప్ చెప్తుంది. లినక్స్ కంప్యూటర్ మీదే కూర్చుంటే ఏ ప్రోగ్రామ్ లాగుతోందో నెట్‌హాగ్స్ చెప్తుంది. కమాండ్లు కొట్టడం రానివాళ్లకు కూడా దారి ఉంది. రెండు నెట్‌వర్క్ కార్డులున్న పాత కంప్యూటర్‌లో ఐపీఫైర్ వేసినా, సరిపడే రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వేసినా, బ్రౌజర్‌లోనే కనెక్షన్ల పేజీ తెరిచి చూడొచ్చు.

ఒక మాట గుర్తుంచుకోవాలి. కంపెనీ ఇచ్చే మామూలు రౌటర్ పేజీలో "కనెక్ట్ అయిన డివైస్‌లు" అని ఒక జాబితా కనిపిస్తుంది. అది వైఫై ఎవరెవరు పట్టుకున్నారో చెప్పే జాబితా మాత్రమే. వాళ్లు ఎక్కడికి పోతున్నారో అందులో ఉండదు.

మహేశ్ బ్యాంకులో చూసేవాళ్లు లేరు

ఇదంతా మనలాంటి చిన్నవాళ్లకు ఎందుకు అనిపించొచ్చు. హైదరాబాద్‌లో జరిగిన ఒక కేసు చూడండి.

2022 జనవరి చివరి వారంలో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా దొంగలు లాగేశారు. డబ్బు మొదట కొన్ని ఖాతాల్లోకి, అక్కడి నుంచి వందకు పైగా ఖాతాల్లోకి, ఆ తర్వాత దేశమంతటా ఉన్న ఇంకా ఎన్నో ఖాతాల్లోకి చీలిపోయింది. నగర పోలీసులు ఆ ఏడాది మార్చిలో చెప్పిన వివరాల ప్రకారం కథ జనవరిలో మొదలు కాలేదు. 2021 నవంబర్‌లోనే బ్యాంకు ఉద్యోగులకు దాదాపు 200 మోసపూరిత ఈమెయిళ్లు వచ్చాయి. ఇద్దరు వాటిని తెరిచారు. వాటితో పాటు దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే దొంగ ప్రోగ్రామ్ లోపలికి వచ్చింది. బ్యాంకుకు చెల్లుబాటులో ఉన్న ఫైర్‌వాల్ లైసెన్సు లేదని, చొరబాటును పసిగట్టే ఏర్పాటు లేదని పోలీసులు చెప్పారు. 2023లో రిజర్వు బ్యాంకు ఈ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

ఇక్కడ ఆలోచించాల్సింది డబ్బు ఎంత పోయిందని కాదు, మధ్యలో గడిచిన కాలం గురించి. నవంబర్ నుంచి జనవరి దాకా రెండు నెలలు. దూరం నుంచి నడిపే ప్రోగ్రామ్ ఏదైనా తన యజమానితో మాట్లాడాలంటే బయటికి కనెక్షన్ తెరవాల్సిందే. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. ఉద్యోగులు ఇంటికి పోయాక రాత్రి రెండు గంటలకు కౌంటర్ కంప్యూటర్ ఎవరితో మాట్లాడుతోందని అడిగే మనిషి ఉంటే, అలాంటి జాడ కంటపడే అవకాశం ఉంటుంది. అడిగేవాళ్లు లేకపోతే పట్టికలో వరుస పుట్టి, దానంతటదే చెరిగిపోతుంది.

హెచ్చరిక బయటి నుంచి వచ్చింది

రెండో కేసు భూపాలపల్లి వాళ్లకు ఇంకొంచెం దగ్గరిది. 2021 మార్చి మొదటి వారంలో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ నుంచి తెలంగాణ విద్యుత్ సంస్థలకు ఒక హెచ్చరిక వచ్చింది. చైనాకు చెందిన హ్యాకర్ల ముఠాగా అనుమానిస్తున్న వాళ్ల సర్వర్లు రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్ కంప్యూటర్లతో సంబంధం పెట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నాయని దాని సారాంశం. ట్రాన్స్‌కో వెంటనే అనుమానిత ఐపీ అడ్రస్‌లను ఆపేసింది, పాస్‌వర్డులు మార్చింది. చైనా ఈ ఆరోపణలను ఖండించింది. కరెంటు పోలేదు. ఏ ప్లాంటులో ఎంత ఉత్పత్తి చేయాలో, ఏ లైన్లో ఎంత పంపాలో చూసేది లోడ్ డిస్పాచ్ సెంటరే. చెల్పూరులోని కాకతీయ థర్మల్ ప్లాంటు కరెంటు కూడా ఆ గ్రిడ్‌లోకే పోతుంది.

అంత పెద్ద సంస్థకు "మీ యంత్రంతో ఫలానావాడు మాట్లాడాలని చూస్తున్నాడు" అని చెప్పడానికి కేంద్రంలో ఒక సంస్థ ఉంది. మానుకోటలోని ట్రావెల్ ఆఫీసుకు ఎవరు ఫోన్ చేసి చెప్తారు? ఎవరూ చెప్పరు. తన గేటు తనే చూసుకోవాలి.

ఏది మామూలు, ఏది కాదు

మొదటిసారి ఈ పట్టిక తెరిచినవాళ్లు భయపడతారు. పది ఫోన్లున్న చోట కూడా వందల వరుసలు కనిపిస్తాయి. అమెరికా, సింగపూర్, ఐర్లాండ్ అడ్రస్‌లు ఉంటాయి. అందులో చాలావరకు మామూలువే. ఆండ్రాయిడ్ ఫోన్ నోటిఫికేషన్ల కోసం గూగుల్‌తో 5228 పోర్టులో రాత్రంతా కనెక్షన్ తెరిచే ఉంచుతుంది. సౌదీలోనో, దుబాయ్‌లోనో ఉన్న కొడుకుతో వాట్సాప్ కాల్ నడుస్తుంటే విదేశీ అడ్రస్ కనిపించడంలో వింత లేదు. ఒకే అడ్రస్ వెనక వేల వెబ్‌సైట్లు ఉండొచ్చు. కాబట్టి విదేశీ అడ్రస్ కనిపించగానే "ఈ పిల్లోడు ఏదో చేస్తున్నాడు" అని తేల్చేయడం తప్పు మాత్రమే కాదు, ప్రమాదం.

అనుమానించాల్సినవి వేరే ఉంటాయి. దుకాణం మూసిన తర్వాత కూడా ఒక కంప్యూటర్ ఒకే తెలియని అడ్రస్‌తో నిమిషానికోసారి మాట్లాడడం. బయటి నుంచి 3389 పోర్టుకు లోపలికి కనెక్షన్ రావడం. బిల్లింగ్ కంప్యూటర్ 25 పోర్టులో వందల అడ్రస్‌లకు మెయిళ్లు పంపడం. సీసీ కెమెరా రికార్డర్ 23 పోర్టులో ఊరూవాడా తలుపు తట్టడం.

ఈ చివరిది ఊహించి చెప్పింది కాదు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను ప్రపంచమంతటా లక్షల్లో ఆక్రమించింది. అక్టోబర్ 21న వాటితో చేసిన దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు. ఆ కెమెరాల ఓనర్లకు తమ కెమెరా దాడి చేస్తోందని తెలియనే తెలియదు. కెమెరా బొమ్మ బాగానే వస్తోంది మరి. ఇప్పుడు మన మూడు జిల్లాల్లో కూడా కిరాణా కొట్టు నుంచి మసీదు వరండా దాకా కెమెరాలు ఉన్నాయి. పెట్టించినవాడు పాస్‌వర్డు మార్చాడో లేదో ఎంతమంది అడిగారు?

ఇంకో కిటుకు ఉంది, దీంట్లో అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు. అనుమానిత అడ్రస్‌ను ఫైర్‌వాల్‌లో బ్లాక్ చేశాం, పని అయిపోయిందనుకుంటాం. కానీ చాలా ఫైర్‌వాల్‌లలో "ఇప్పటికే నడుస్తున్న కనెక్షన్‌ను పోనివ్వు" అనే రూల్ అన్నిటికంటే పైన ఉంటుంది. కొత్త రూల్ కొత్తగా వచ్చేవాళ్లను ఆపుతుంది, లోపల కూర్చున్నవాడిని లేపదు. లినక్స్‌లో మామూలు సెట్టింగ్ ప్రకారం, స్థిరపడిన ఒక కనెక్షన్ నిశ్శబ్దంగా ఉన్నా 432000 సెకన్లు, అంటే 5 రోజులు పట్టికలో ఉండగలదు. అందుకే బ్లాక్ చేశాక కాన్‌ట్రాక్‌తో ఆ వరుసను కూడా తీసేయాలి. తర్వాత మళ్లీ పట్టిక చూసి, పోయిందని నిర్ధారించుకోవాలి.

రిజిస్టర్ ఉంటే ఎవరికి లాభం

మన కుటుంబాలకు ఇందులో ఇంకో లెక్క ఉంది. ఒక సెంటర్ ఇంటర్నెట్ అడ్రస్ నుంచి ఎవరో బెదిరింపు మెయిల్ పంపారనుకోండి, లేదా మోసం చేశారనుకోండి. పోలీసులకు మొదట దొరికేది ఆ సెంటర్ అడ్రస్. ఆ రోజు అక్కడ ఇరవై మంది కూర్చున్నారు. ఏ కంప్యూటర్ నుంచి, ఎన్ని గంటలకు అనేది చూపించే రికార్డు లేకపోతే ఇరవై మందీ అనుమానితులే. వాళ్లలో మన పిల్లలు ఉండొచ్చు. ఓనరూ తిరగాల్సిందే.

చట్టం కూడా ఇదే అడుగుతుంది. 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం వచ్చినవాళ్ల గుర్తింపు చూడాలి, రిజిస్టర్ రాయాలి, చూసిన వెబ్‌సైట్ల వివరాలు, ప్రాక్సీ లాగ్‌లు కనీసం ఏడాది ఉంచాలి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు 180 రోజుల లాగ్‌లు దేశంలోనే ఉంచాలి, సైబర్ ఘటన జరిగితే 6 గంటల్లో తెలపాలి, యంత్రాల గడియారాలు సరిగ్గా కలిపి ఉంచాలి.

గడియారం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. రౌటర్ టైమ్ పది నిమిషాలు తేడాగా ఉంటే, తప్పు చేసినవాడు లేచిపోయాక అదే కుర్చీలో కూర్చున్నవాడి మీదికి నేరం పోతుంది. ఇంకొకటి, కాన్‌ట్రాక్ పట్టిక ప్రత్యక్షంగా నడిచేది. కనెక్షన్ ముగియగానే వరుస పోతుంది. ఏడాది తర్వాత అడిగితే అందులో ఏమీ ఉండదు. భద్రపరచాలంటే యులాగ్‌డీ లాంటి ప్రోగ్రామ్‌తో వేరే ఫైల్‌లోకి రాయించాలి. చూడడం వేరు, దాచడం వేరు. రెండూ కావాలి.

చూసేవాడిని ఎవరు చూస్తారు

ఇంతవరకు చెప్పింది ఒక వైపు. అదే రిజిస్టర్ చెడ్డ చేతుల్లో పడితే నిఘా అవుతుంది. ఈ మాట తెలంగాణలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసులో అరెస్టయిన పోలీసు అధికారుల్లో ఒకరు అప్పటికి భూపాలపల్లి జిల్లా అడిషనల్ ఎస్పీ. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారిన సమయంలో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది ఆ కేసులోని ముఖ్య ఆరోపణల్లో ఒకటి. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కానీ చూసే అధికారం ఉన్నవాడి చేతిలోనే రికార్డు చెరిపే అధికారం కూడా ఉంటే ఏమవుతుందో ఆలోచించడానికి ఆ ఆరోపణ చాలు. హైదరాబాద్‌లో ముఖం గుర్తించే కెమెరాల మీద సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన పిటిషన్‌పై హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. అక్కడా ప్రశ్న అదే: చూసేవాళ్లకు హద్దు ఎక్కడ?

ప్రభుత్వాన్ని అడిగే ఈ ప్రశ్నను మన ఇంట్లో, మన సంస్థలో కూడా అడగాలి. కనెక్షన్ల పట్టిక మాటలు వినదు, ఫొటోలు చూడదు. అయినా ఎవరి ఫోన్ ఎన్ని గంటలకు మేల్కొని ఉంది, ఎంతసేపు మాట్లాడింది అనేది దాని నుంచి తెలుస్తుంది. హాస్టల్ వార్డెన్ దాన్ని పిల్లల మీద కక్షకు వాడొచ్చు. ఇంట్లో అన్నో, భర్తో ఆడవాళ్ల ఫోన్ మీద కాపలాకు వాడొచ్చు. అలా వాడడం దొంగను పట్టడం కాదు, ఇంటివాళ్లను దొంగలుగా చూడడం. ఇక వేరేవాళ్ల నెట్‌వర్క్‌లోకి అనుమతి లేకుండా చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద 3 సంవత్సరాల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

కాబట్టి రిజిస్టర్ పెట్టేముందే నాలుగు మాటలు రాసి గోడకు అంటించడం మంచిది. ఇక్కడ కనెక్షన్ల రికార్డు ఉంచుతున్నాం. ఫలానా ఇద్దరు మాత్రమే చూస్తారు, ఒక్కరే ఎప్పుడూ చూడరు. ఇన్ని రోజుల తర్వాత చెరిపేస్తాం. పోలీసులు అడిగితే లిఖితపూర్వక నోటీసు మీదే ఇస్తాం, ఇచ్చినట్టు రాసుకుంటాం.

ఇప్పుడు చేయగలిగింది

ఉమీద్ కాగితాలు పెట్టుకున్న మసీదు కమిటీ, పిల్లల వివరాలు పెట్టుకున్న మదర్సా లేదా స్కూలు, పాస్‌పోర్టులు పెట్టుకున్న ట్రావెల్ ఆఫీసు ముందు చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. రౌటర్, కెమెరా రికార్డర్ల ఫ్యాక్టరీ పాస్‌వర్డులు ఈ వారమే మార్చాలి. కెమెరాలను, వచ్చిపోయేవాళ్ల వైఫైని, కాగితాలున్న కంప్యూటర్‌ను ఒకే నెట్‌వర్క్‌లో కలపకూడదు. పనైపోయిన స్కాన్ కాపీలు చెరిపేయాలి. లేని డేటాను ఎవరూ దొంగిలించలేరు. ఆ తర్వాత పాత కంప్యూటర్ ఒకటి తీసి లినక్స్ ఫైర్‌వాల్ వేయించి, వారానికి రెండుసార్లు దుకాణం మూసే ముందు పట్టిక చూడాలి. నెల రోజులు చూస్తే మన చోట ఏది మామూలో కళ్లకు అలవాటవుతుంది. ఆ తర్వాత కొత్తది వస్తే వెంటనే తెలుస్తుంది.

మన దగ్గర పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం కోసం హైదరాబాద్ బస్సు ఎక్కే పిల్లలు ఊరికి నలుగురు ఉన్నారు. 2027 మే దగ్గరపడే కొద్దీ జిల్లా కేంద్రాల్లో ప్రతి స్కూలుకు, క్లినిక్‌కు, ఆఫీసుకు ఈ పని చేసిపెట్టేవాళ్లు కావాలి. కాన్‌ట్రాక్ పట్టిక చదవడం, లాగ్ రాయించడం, గడియారం కలపడం ఒక పిల్లవాడు కొన్ని వారాల్లో నేర్చుకోగలిగిన పనులు. జనగామలోనే ఉండి చేయగలిగిన పని ఇది. కావాల్సింది ఒక పాత కంప్యూటర్, ఓపిక.

ఇక కాగితాలు ఇచ్చే మనం చేయాల్సింది ఒకటుంది. ఈసారి పాస్‌పోర్టు స్కాన్ చేయించేటప్పుడు కౌంటర్ దగ్గర మూడు ప్రశ్నలు అడగండి. ఈ కాపీ ఎన్ని రోజులు ఉంచుతారు? ఈ కంప్యూటర్‌ను దూరం నుంచి ఎవరైనా నడుపుతారా? రాత్రి నెట్ ఎవరు చూస్తారు? జవాబు రాకపోతే, పని అయ్యాక మీ ముందే ఫైల్ చెరిపించుకోండి. డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. మన చేతిలో పెట్టిన అమానత్ గురించి లెక్క అడగడం ఎవరినీ అవమానించడం కాదు. నలుగురు అడిగితేనే సెంటర్ ఓనరు కూడా గేటు దగ్గర పుస్తకం తెరిచి చూస్తాడు.